ఏ ఈడుకు ఆ ఆట

ఆగస్టు పదిహేను దగ్గరపడితే బడుల్లో ఆటల పోటీలు మొదలవుతాయి. ఒకటో తరగతికి కుర్చీలాట పెట్టడం ఎప్పటినుంచో వస్తున్న ఆనవాయితీ. ఇరవై మంది పిల్లలు, పంతొమ్మిది కుర్చీలు, టీచరు ఫోన్‌లో ఒక సినిమా పాట. పాట ఆగగానే తోపులాట. మొదటి విడతలోనే కుర్చీ దొరకని పిల్ల మొహం చిన్నబుచ్చుకుని వరండా స్తంభం దగ్గరికి పోతుంది. విజేత తేలడానికి పంతొమ్మిది విడతలు నడవాలి కాబట్టి, ఆ పిల్ల ఆడేది ఒక్క విడత, నిలబడి చూసేది పద్దెనిమిది. అలా ముందుగా ఔటయ్యేది ఎవరో టీచర్లందరికీ తెలుసు. క్లాసులో అందరికన్నా చిన్నది, నెమ్మదస్తురాలు, పక్కవాళ్ళను తోసి కూర్చోవడం చేతకానిది. ఆట ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళనే ఆట ముందుగా పంపించేస్తుంది.

అమెరికాలో నీల్ విలియమ్స్ అనే వ్యాయామ విద్య అధ్యాపకుడు 1992లో ఇదే సంగతి పట్టుకున్నారు. బడిలో ఆడించకూడని ఆటలకు ‘సిగ్గుచేటు జాబితా’ ఒకటి తయారుచేసి వ్యాయామ విద్య పత్రికలో అచ్చువేశారు. కుర్చీలాట, బంతితో పిల్లల్ని కొట్టి ఔట్ చేసే డాడ్జ్‌బాల్ రెండూ అందులో ఉన్నాయి. ఒకరు ఆడుతుంటే పదిమంది ఖాళీగా నిలబడటం, అందరి ముందూ ఒకరు నవ్వులపాలు కావడం, చేతకాని వాళ్ళు ముందే బయటికి పోవడం ఆయన అభ్యంతరాలు. అంతకు ముందే, 1978లో, కెనడాకు చెందిన టెర్రీ ఆర్లిక్ కుర్చీలాటకు ఒక విరుగుడు చెప్పారు. విడత విడతకూ కుర్చీలే తగ్గుతాయి, పిల్లలు తగ్గరు. మిగిలిన కుర్చీల మీదే అందరూ ఎలాగోలా సర్దుకోవాలి. మన బడుల్లోని ప్లాస్టిక్ కుర్చీలతో ఆ సాహసం చెయ్యకపోవడం మంచిది. సుద్దముక్కతో నేల మీద గీసిన వలయాలతో అయితే భేషుగ్గా సాగుతుంది. చివరికి ఒకే వలయంలో ఒకరినొకరు పట్టుకుని ఇరవై మంది నిలబడటానికి చేసే హడావిడి అసలు ఆటకన్నా పసందుగా ఉంటుంది.

వయసుకు తగిన ఆట అనగానే పెద్దలకు తట్టేది దెబ్బలు తగలని ఆట. దెబ్బల సంగతి చూడాల్సిందే. దానితోపాటు ఆ ఈడులో కాలూ చెయ్యీ ఎంతవరకు మాట వింటాయి, ఎన్ని నియమాలు బుర్రలో నిలుస్తాయి, తన వంతు వచ్చేదాకా ఎంతసేపు ఓపిక పడతారు, ఓడితే ఎంతవరకు తట్టుకుంటారు అన్నవీ చూడాలి. ఒకటో తరగతికీ ఐదో తరగతికీ మధ్య ఇవన్నీ ఎంత మారిపోతాయో, చాలా బడుల్లో ఆటల పీరియడ్ అంత ఒకేలా నడుస్తుంది. ఒక బంతి పడేసి ‘ఆడుకోండి’ అనడంతో సరి.

ఆరేళ్ళ కాలు మాట వినదు

తొక్కుడుబిళ్ళ దగ్గర కాసేపు నిలబడితే తేడా కళ్ళకు కడుతుంది. తొమ్మిదేళ్ళ పిల్ల బిళ్ళను గడి మధ్యలో పడేలా విసురుతుంది. ఒంటికాలి మీద గడులు దాటి, వెనక్కి తిరిగి, అదే కాలి మీద వంగి బిళ్ళ తీసుకుని బయటికి గెంతుతుంది. నేర్పు ముదిరితే నుదుటి మీద బిళ్ళ పెట్టుకుని కళ్ళు మూసుకుని కూడా నడుస్తుంది. అదే ఆట ఆరేళ్ళ పిల్ల మొదలుపెడితే బిళ్ళ కావలసిన గడి దాటి పోతుంది. కుంటుతున్నప్పుడు రెండు చేతులూ రెక్కల్లా కొట్టుకుంటాయి. మూడో గడికి పైకెత్తిన కాలు నేలకు తగులుతుంది. ఒంటికాలి మీద వంగి బిళ్ళ తియ్యబోతే బోర్లాపడుతుంది. వెనకనున్న వాళ్ళు ‘ఔట్, ఔట్’ అని అరుస్తారు.

ఆ పిల్లకు ఆట రాక కాదు. గెంతడం, నిలవడం, వంగడం మూడూ ఒకేసారి చెయ్యడం ఆ ఈడుకు బరువు. ఆట మాన్పించనక్కర్లేదు, ఆటను విప్పి ముక్కలు చేసి ఇస్తే చాలు. మొదట నాలుగైదు గడులే గియ్యాలి, అవీ పెద్దవిగా. బిళ్ళ లేకుండా రెండు కాళ్ళతో గెంతించాలి. కొన్నాళ్ళకు ఒంటికాలు, ఆ తరువాత బిళ్ళ. గీత తొక్కితే ఔట్ అనే నియమం ఈ వయసులో పనికిరాదు, మళ్ళీ మొదలుపెడితే సరి. ఐదేళ్ళ నుంచి పదిహేడేళ్ళ వరకు పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్ళు కదిలే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందులో వారానికి మూడు రోజులైనా కండరాలకూ ఎముకలకూ బలమిచ్చేవి ఉండాలి. గెంతులాటలన్నీ ఈ కోవలోవే. ఒక సుద్దముక్క ఖర్చుతో ఇంత వ్యాయామం ఇంకెక్కడా దొరకదు.

బంతి దగ్గరా ఇదే కథ. ఆరేళ్ళ పిల్లలు బంతిని వేళ్ళతో పట్టరు, రెండు చేతులూ చాచి గుండెకు హత్తుకుంటారు. బంతి మొహం మీదికి వస్తే తల తిప్పుకుని కళ్ళు మూసేస్తారు. దాన్ని పిరికితనం అనుకుని ‘భయపడకురా’ అని గదమాయించడం వల్ల ఒరిగేదేమీ లేదు. మెల్లగా వచ్చే, తగిలినా నొప్పి పుట్టని పెద్ద బంతి ఇస్తే ఆ భయం దానంతటదే పోతుంది. అందుకే ఏడు పెంకులాట ఒకటి, రెండు తరగతులకు రబ్బరు బంతితో ఆడించే ఆట కాదు. పాత గుడ్డలు చుట్టి కట్టిన బంతితో, నడుము కిందే కొట్టాలన్న షరతుతో అయితే రెండో తరగతి చివరికి మొదలుపెట్టవచ్చు. పెంకుల్ని కూడా ఏడు కాకుండా నాలుగు పేర్చమంటే చాలు.

ఈ ఈడుకు చక్కగా అమరేవి పరిగెత్తి ఆగే ఆటలు. నేల-బండ అలాంటిది. దొంగ నేల కోరుకుంటే మిగతావాళ్ళు బండ ఎక్కాలి, అంతే నియమం. చెరువు-గట్టు ఇంకా సులువు. గీతకు ఇవతల గట్టు, అవతల చెరువు. టీచరు చెప్పినదాన్ని బట్టి అటూ ఇటూ గెంతాలి. చూడటానికి పిల్లకాయల ఆటే గానీ, గెంతబోయిన ఒంటిని ఆఖరి క్షణంలో ఆపుకోవడం ఆరేళ్ళ వాళ్ళకు చిన్న పని కాదు. తప్పు గెంతినవాళ్ళను బయట కూర్చోబెట్టకుండా, ఒక చప్పట్టు కొట్టి కొనసాగమంటే ఆట పదిహేను నిమిషాలు నిండుగా నడుస్తుంది. దాగుడుమూతలూ వీరివీరి గుమ్మడిపండూ సరేసరి. కాకపోతే బడిలో దాక్కునే ఆట మొదలెట్టేముందు నీళ్ళ సంపు మూత బిగించి ఉందో లేదో, గేటు వేసి ఉందో లేదో పెద్దవాళ్ళు వెళ్ళి చూసుకోవాలి. హద్దులు నోటితో చెబితే చాలదు, పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక చుట్టు తిప్పి చూపించాలి.

ఒప్పులకుప్పకు జోడీ సరిగ్గా కుదరాలి. ఐదో తరగతి అక్క ఒకటో తరగతి చెల్లెల్ని పట్టుకుని గిర్రున తిప్పితే ఇద్దరికీ సరదాయే గానీ, చిన్నపిల్లల మోచేతి కీలు లాగుడికి ఇట్టే జారుతుంది. ఐదేళ్ళ లోపు వాళ్ళలో ఇది మరీ ఎక్కువ. అంగన్‌వాడీ పిల్లలు కూడా ఆడుకునే ఆవరణల్లో ఈ జాగ్రత్త తప్పదు.

గోలీలు చెప్పిన సంగతి

పిల్లల మనసు మీద జీవితమంతా పనిచేసిన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జాఁ పియాజే, పిల్లల నీతి గురించి 1932లో ఒక పుస్తకం తెచ్చారు. దాని మొదటి అధ్యాయం నిండా గోలీలాటే. జెనీవా, నూషాటెల్ పట్టణాల్లో పిల్లల దగ్గర కూర్చుని, తనకేమీ తెలియనట్టు నటిస్తూ ‘ఎలా ఆడాలో నేర్పించు’ అని అడిగి రాసుకున్న సంగతులవి. ఐదారేళ్ళ వాళ్ళు ఒకే చోట ఆడుతున్నా ఎవరి ఆట వాళ్ళదే. ఇద్దరూ గెలిచామంటారు, ఇద్దరికీ అభ్యంతరం ఉండదు. ఏడెనిమిదేళ్ళకు గెలవాలన్న పట్టుదల వస్తుంది, అందరికీ ఒకే నియమం ఉండాలనీ తెలుస్తుంది. అయినా విడివిడిగా అడిగితే ఒక్కొక్కరు ఒక్కో నియమం చెబుతారు. పదకొండు, పన్నెండేళ్ళకు నియమాలన్నీ కంఠతా వస్తాయి. ఆడటం కన్నా నియమాల మీద వాదించుకోవడంలోనే వాళ్ళకు మజా.

ఇందులో ఇంకో ముచ్చట ఉంది. చిన్నపిల్లల దృష్టిలో ఆట నియమం పెద్దలు పెట్టినది, మార్చడానికి వీల్లేనిది. అందరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చని పదేళ్ళ ప్రాంతంలో గానీ తట్టదు.

మూడు, నాలుగు తరగతుల టీచర్లకు పియాజే చెప్పకపోయినా ఇది అనుభవమే. ఈ తరగతుల్లో ఆటల పీరియడ్ సగం ‘సార్, వీడు తొండి ఆడుతున్నాడు సార్’ అనే ఫిర్యాదుతో గడుస్తుంది. కొందరు విసుగెత్తి ఆటే ఆపేస్తారు. అది పొరపాటు. నియమం అందరికీ ఒకటే అని అప్పుడప్పుడే తెలుస్తున్న పిల్లలు ఆ నియమాన్ని ఎవరు తప్పుతున్నారా అని వెయ్యి కళ్ళతో కాపలా కాస్తున్నారు, అంతే. ఆ తగాదాను వాళ్ళ చేతికే వదిలి, రెండు నిమిషాల్లో తేల్చుకోండి, లేకపోతే ‘తూచ్’ కొట్టి మళ్ళీ మొదలెట్టండి అని చెప్పగలిగితే సగం గొడవలు అక్కడే తెగిపోతాయి. పెద్దలు ప్రతిసారీ న్యాయమూర్తి కుర్చీ ఎక్కితే పిల్లలకు తీర్పు చెప్పించుకోవడమే అలవాటవుతుంది.

జట్లు పంచడం మాత్రం ఇంకో రకం చిక్కు. ఇద్దరు నాయకులు నిలబడి ఒక్కొక్కరినే పిలుచుకుంటూ పోతే, చివరిదాకా ఎవరికీ అక్కర్లేని పిల్ల ఒకతె మిగులుతుంది. తెలుగు ఊళ్ళలో పిల్లలు దీనికి తమంతట తామే ఒక దారి కనిపెట్టుకున్నారు. ఇంచుమించు ఒకే బలమున్న ఇద్దరు జతకట్టి, భుజాల మీద చేతులేసుకుని పక్కకు వెళ్ళి, రహస్యంగా రెండు పేర్లు పెట్టుకుని వస్తారు. సూర్యుడు కావాలా చంద్రుడు కావాలా అని నాయకుల్ని అడుగుతారు. ఎవరు ఎవరో తెలియకుండా కోరుకున్న పేరును బట్టి జట్లు పడతాయి. రెండు జట్లకూ బలం సమానం, ఎవరినీ ఎవరూ వద్దన్నట్టు ఉండదు. దొంగ ఎవరో తేల్చడానికి పంటలు వేసుకోవడమూ అంతే, అదృష్టం మీద పడే భారం కాబట్టి ఎవరికీ మనసు కష్టం కలగదు. వ్యాయామ విద్య పాఠాల్లో ఈ రెంటికీ చోటివ్వవచ్చు.

చెడుగుడు, ఖోఖో, క్రికెట్

నాలుగు, ఐదు తరగతులకు వచ్చేసరికి పిల్లలకు అసలు ఆటలు కావాలి. ‘చిన్నపిల్లల ఆట’ అంటే మూతి విరుస్తారు. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచ కప్పును భారత పురుషుల జట్టూ, మహిళల జట్టూ గెలిచాయి. ఖోఖో తొమ్మిదేళ్ళు దాటినవాళ్ళకు చక్కగా సరిపోతుంది కూడా. ఎనిమిది మంది కూర్చుంటారు, తొమ్మిదో మనిషి తరుముతాడు. కూర్చున్నవాళ్ళకు ఏ క్షణంలో ‘ఖో’ పడుతుందో తెలియదు కాబట్టి ఖాళీగా ఉన్నట్టే ఉండదు. చిక్కల్లా నియమాల్లో ఉంది. ఒక దిక్కు పట్టాక వెనక్కి తిరగకూడదు, మధ్య గీత దాటకూడదు. మొదటి నెలలో దిక్కు నియమం వదిలేసి, ఐదుగురినే కూర్చోబెట్టి, 27 మీటర్ల కోర్టును సగానికి కుదిస్తే నాలుగో తరగతి కూడా ఆడుతుంది. గులకరాళ్ళ నేల మీద మాత్రం వద్దు, మోకాళ్ళు మిగలవు.

చెడుగుడు సంగతి వేరు. అందులో పట్టు ఉంది, లాగుడు ఉంది, ఒకరి మీద నలుగురు పడటం ఉంది. కబడ్డీలో పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు అయితే సబ్ జూనియర్లకు 11 మీటర్లు, 8 మీటర్లకు తగ్గిస్తారు. బరువుకూ పరిమితి ఉంటుంది. పదిహేనేళ్ళ వాళ్ళకే అన్ని కొలతలు పాటిస్తుంటే, పద్దెనిమిది కిలోల పిల్లాడినీ ముప్ఫై అయిదు కిలోల పిల్లాడినీ ఒకే బరిలో వదలడం ఏం న్యాయం? ఐదో తరగతి వరకు తాకితే ఔట్ పద్ధతే మేలు. నడుముకు వెనక చేతిరుమాలు దోపించి, దాన్ని లాక్కుంటే పాయింటు అనవచ్చు. కూత, వేగం, తప్పించుకునే ఒడుపు అన్నీ అలాగే ఉంటాయి, కాళ్ళు పట్టి ఈడ్వడం ఒక్కటే ఉండదు.

క్రికెట్ లేకుండా తెలుగు పిల్లల ఆటల మాట పూర్తికాదు. అసలు క్రికెట్ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. టెన్నిస్ బంతి 60 గ్రాములైనా ఉండదు. ప్రాథమిక బడి ఆవరణలో మొదటిదానికి చోటే లేదు. అంతకన్నా పెద్ద ఇబ్బంది, బౌలర్ వేస్తాడు, బ్యాటర్ కొడతాడు, మిగతా పదిహేను మందీ ఎండలో నిలబడతారు. అందుకే జంటల పద్ధతి మంచిది. ఒక్కో జంటకూ రెండు ఓవర్లు. ఔటైతే పరుగులు తగ్గుతాయి గానీ బ్యాట్ చేతిలోంచి పోదు. చూపులేని పిల్లలున్న బడిలో లోపల గలగలలాడే గుండ్లున్న బంతి ఒకటి ఉంటే వాళ్ళూ ఆడతారు. భారత అంధుల క్రికెట్ జట్టుకు కెప్టెన్‌గా చేసి అర్జున అవార్డు అందుకున్న ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి ఆంధ్రప్రదేశ్ వాడే.

బాస్కెట్‌బాల్ బుట్ట పెద్దలకు 3.05 మీటర్ల ఎత్తున ఉంటే, చిన్నపిల్లల మినీ బాస్కెట్‌బాల్‌లో 2.60 మీటర్లకు దించుతారు. లక్షలు ఫీజు తీసుకునే కొన్ని బడుల్లో సైతం ఈ సంగతి పట్టించుకోక, పిల్లలు బంతిని బుట్ట దాకా కూడా చేర్చలేక చేతులు దించేస్తుంటారు.

గిల్లీదండ, తెలంగాణలో చిర్రగోనె, మీద పెద్దవాళ్ళకు ఎనలేని మమకారం. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో పాత కావ్యాల్లోంచి ఏరి చూపిన ఆటల జాబితాలు చదివితే మన ఆటలు ఎంత పాతవో తెలుస్తుంది. పాతదైనంత మాత్రాన ప్రతి ఆటా యాభై మంది చిన్నపిల్లలు తిరిగే ఆవరణలోకి రాకూడదు. గాల్లోకి లేచిన చిర్ర ఎవరి కంటికి తగులుతుందో చెప్పలేం. దానికి ఖాళీ మైదానం, పెద్ద పిల్లలు కావాలి.

బయటి దేశాల జాబితాలు ముందేసుకునే ముందు మన వీధుల్ని ఒకసారి తలుచుకోవచ్చు. అక్కడ వయసుల వారీ విభజన ఉండేది కాదు. పన్నెండేళ్ళ అన్నతో పాటు ఐదేళ్ళ తమ్ముడూ ఆటకు తయారు. వాడు ‘ఆటలో అరటిపండు’. పరిగెత్తుతాడు, అరుస్తాడు, పట్టుకుంటే మాత్రం ఔట్ కాదు. రెండేళ్ళు అలా తిరిగేసరికి నియమాలన్నీ చూసి నేర్చుకుని ఒకనాడు తనే ‘నన్నూ ఔట్ చెయ్యండి’ అని పట్టుబట్టేవాడు. ఒకరిద్దరు టీచర్లతో ఐదు తరగతులూ నడిచే చిన్న ఊరి బడులకు ఈ పద్ధతి ఇప్పటికీ అక్కరకొస్తుంది. అక్కడ ఒకే ఈడు పిల్లలు జట్టుకు సరిపడా దొరకరు మరి. అరటిపండ్లకు చేతికి రంగు రిబ్బను కడితే చాలు, పెద్దవాళ్ళు గుర్తుపట్టి వేగం తగ్గిస్తారు. నిజానికి ఒకే తరగతిలో కూడా పదకొండు నెలల తేడా ఉండవచ్చు. ఆరేళ్ళ వాళ్ళకు అది జీవితంలో ఇంచుమించు ఆరో వంతు.

నాలుగో తరగతికి వచ్చేసరికి ఇంకొక విభజన దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఆవరణ మధ్యలో మగపిల్లల క్రికెట్, గోడ వార ఆడపిల్లల తాడాట, టెన్నికాయిట్ రింగు. ఎవరూ చెప్పి చెయ్యించింది కాదు గానీ, ఎవరూ మార్చాలని చూసిందీ కాదు. వారంలో రెండు రోజులు నడిమి జాగా తాడాటకూ ఖోఖోకూ అని కాలపట్టికలో రాసి పెట్టిన చోట మగపిల్లలూ తాడు దగ్గరికి చేరతారు. తాడు దూకడం వాళ్ళు అనుకున్నంత తేలిక కాదని మొదటి రోజే తెలుస్తుంది.

వేళ, నేల, మెడలో తాడు

మధ్యాహ్న భోజనం ముగిసీ ముగియగానే పరుగులాటలు పెట్టకూడదు. ఆ వేళకు చెట్టు కింద అచ్చనగాయలు, వామనగుంటలు, అష్టాచెమ్మా, పులిజూదం ఉన్నాయి. పరుగులు ఉదయం ప్రార్థన కాగానే, లేదా ఎండ చల్లబడ్డాక. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక మరీ జాగ్రత్త. ఆడుతున్నంతసేపూ దాహం వేస్తోందని పిల్లలు చెప్పరు, ఆట తమ చేతిలోంచి పోతుందని. పదిహేను నిమిషాలకోసారి అందరినీ ఆపి నీళ్ళు తాగించాలి.

గుర్తింపు కార్డు తాడు మెడలో వేలాడుతుండగా పట్టుకునే ఆటలు ఆడితే ప్రమాదం. ఆటకు ముందు అందరివీ తీసి ఒక సంచిలో వెయ్యించాలి. తాడు లాగుడు ఆటలో ఆఖరి పిల్లాడు తాడును చేతికి చుట్టుకోవాలని చూస్తాడు, ఆ పని ససేమిరా చెయ్యనివ్వకూడదు. హోంవర్క్ చెయ్యలేదని ఆటల పీరియడ్‌లో క్లాసులో కూర్చోబెట్టడం చాలా చోట్ల అలవాటే. ఆట విరామాన్ని శిక్షగా తీసెయ్యకూడదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2013లోనే స్పష్టంగా చెప్పింది. క్లాసులో కుదురుగా కూర్చోలేని పిల్లాడికే కదా ఆ ఇరవై నిమిషాల పరుగు ఎక్కువ అవసరం!

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం, తరగతికి తగిన ఆటవస్తువులు ఉండాలంటుంది. వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకులను మాత్రం నూరు మంది పైబడిన ఆరు నుంచి ఎనిమిది తరగతులకే చెప్పింది. ఒకటి నుంచి ఐదు తరగతుల్లో ఏ ఆట ఆడించాలో తేల్చాల్సింది లెక్కలూ తెలుగూ చెప్పే టీచరే.

సమగ్ర శిక్ష పథకం కింద ప్రాథమిక బడికి ఆటవస్తువుల కోసం ఏడాదికి 5,000 రూపాయల వరకు ఇవ్వవచ్చు. ఆ డబ్బుతో ఒక క్యారమ్ బోర్డు, ఒక క్రికెట్ కిట్ కొంటే ఒకేసారి ఆరేడుగురు ఆడతారు, మిగతావాళ్ళు చుట్టూ మూగుతారు. అదే డబ్బును మెత్తటి పెద్ద బంతులు ఆరు, టెన్నిస్ బంతులు డజను, రబ్బరు రింగులు పది, పొడుగు తాళ్ళు నాలుగు, సుద్దముక్కల పెట్టెలు, జట్టు గుర్తుకు రంగు రిబ్బన్ల మీద ఖర్చు పెడితే తరగతి మొత్తం ఒకేసారి మైదానంలోకి దిగుతుంది. కొనే ముందు ఐదో తరగతి వాళ్ళను అడిగితే, ఒకటో తరగతి వాళ్ళకు ఏ బంతి మెత్తగా ఉంటుందో ఇంట్లో తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉన్న పిల్లలు ఇట్టే చెప్పేస్తారు.